ఏ ఏడు ఎవరు గెలిచారు

లాడ్జి నుంచి బయల్దేరిన కారు పెద్ద రోడ్డెక్కగానే డ్రిల్లు మాస్టారు అద్దాన్ని కాస్త కిందికి వంచి, వెనక సీట్లో ఉన్న కూతురి మొహం అందులో కనపడేలా తిప్పుకున్నాడు.

"పద్దెనిమిది వందల డెబ్బై ఏడు," అన్నాడు.

"వింబుల్డన్. మొట్టమొదటి పోటీ. మగవాళ్లకి మాత్రమే. స్పెన్సర్ గోర్ గెలిచాడు," అంది కూతురు.

"ఎనభై నాలుగు."

"ఆడవాళ్ల పోటీ మొదలైంది. మాడ్ వాట్సన్ గెలిచింది."

"ఎవరి మీద?"

"సొంత అక్క మీద."

"స్కోరు?"

కూతురు ఆగింది. ముందు సీట్లో కూర్చున్న తల్లి ఒళ్లోని చేతిసంచిని గట్టిగా పట్టుకుంది. స్కోరు ఆమెకు తెలుసు, నాలిక చివరే ఉంది. కానీ అందించకూడదు. అందిస్తే పిల్లకి ఒక తప్పు, తనకి ఒక తప్పు.

"మొదటి సెట్ ఆరు ఎనిమిది పోయింది. తర్వాత ఆరు మూడు, ఆరు మూడు."

మాస్టారు తల ఊపి గేరు మార్చాడు. తల్లి ఊపిరి వదిలింది, అదీ పైకి వినపడకుండా.

ఆయన ఒక హైస్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పే మాస్టారు. తను ఎన్నడూ టెన్నిస్ పోటీల్లో ఆడినవాడు కాదు. కూతురు రెండో క్లాసులో ఉండగా, స్కూలు బీరువాలో చెదలు పట్టడానికి సిద్ధంగా ఉన్న టెన్నిస్ చరిత్ర పుస్తకం ఒకటి ఆయన చేతికి చిక్కింది. ఇంటికి తెచ్చుకుని భోజనం మానేసి మరీ చదివాడు. ఆ వారమే పిల్లకి రాకెట్ కొన్నాడు. పాత కేలండర్ల వెనకవైపు సంవత్సరాలు, విజేతల పేర్లు పెద్దక్షరాలతో రాసి గోడలకి అంటించాడు. వంటింట్లో ఆస్ట్రేలియా, వరండాలో ఫ్రాన్స్, స్నానాల గది తలుపు మీద అమెరికా. "మన ముందు ఎవరెవరు ఆడారో తెలియనివాళ్లకి కోర్టులో అడుగుపెట్టే అర్హత లేదు," అనేవాడు.

మొదట్లో అంతా ముచ్చటగానే ఉండేది. పూర్వం రాకెట్టే లేదనీ, ఫ్రాన్సు మఠాల్లో క్రైస్తవ సన్యాసులు బంతిని అరచేత్తో గోడకేసి కొట్టేవారనీ ఆయన చెబుతుంటే పిల్ల నోరు తెరుచుకుని వినేది. రబ్బరు బంతి వచ్చాకే గడ్డి మీద ఆట సాధ్యమైందనీ, మొదట్లో కోర్టు డమరుకంలా నడుము దగ్గర సన్నగా ఉండేదనీ చెప్పి, వరండాలో సుద్దముక్కతో గీసి చూపించాడు. తండ్రీ కూతుళ్లు ఆ డమరుకంలో గెంతుతూ నవ్వారు. సన్నగా, చురుగ్గా ఉండే ఆ పిల్లకి 'పిట్ట' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ ఆయనంటే భయం లేదు.

భయం ఎప్పుడొచ్చిందో తల్లికే తెలియదు. గోడకి చెమ్మ ఎక్కినట్టు ఎక్కింది. పిట్ట మ్యాచ్‌లు గెలవడం మొదలుపెట్టాక ఆయన నవ్వడం తగ్గించాడు. "లాటీ డాడ్ పదిహేనేళ్లకే వింబుల్డన్ గెలిచింది. నీకిప్పుడెన్ని?" అని రోజూ అడిగేవాడు. పిట్టకి పదిహేను దాటాక ఆ ప్రశ్న మానేశాడు. అడిగినప్పటికంటే మానేశాకే ఇంట్లో ఎక్కువ వణుకు పుట్టింది.

పిట్టకి ఇష్టమైన సంవత్సరాలు కొన్ని ఉండేవి, యుద్ధం వల్ల పోటీలు ఆగిపోయిన సంవత్సరాలు. "ఆ ఏళ్లలో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, హాయి కదమ్మా," అని తల్లి చెవిలో గుసగుసలాడేది. తల్లి నవ్వేది గానీ, వెంటనే గుమ్మం వైపు చూసేది.

ఒకసారి మ్యాచ్ ఓడి తిరిగొస్తుండగా, డబ్బుకి ఆడేవాళ్లని పెద్ద పోటీల్లోకి రానిచ్చింది ఏ ఏడని మాస్టారు అడిగాడు. పిట్ట అలసిపోయి ఉంది. అరవై తొమ్మిది అంది. సరైన జవాబు అరవై ఎనిమిది. ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. "దిగు," అన్నాడు. "పరిగెత్తు. గుర్తొస్తుంది." వాన పడుతోంది. పిట్ట రోడ్డు అంచున పరిగెత్తింది. వెనకే కారు, నత్తలా. పిల్ల వేగం తగ్గినప్పుడల్లా ఆయన హారన్ మోగించేవాడు. తిట్టలేదు, అరవలేదు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో అద్దం మీది ఆవిరి తుడుచుకుంటూ కూర్చున్నాడు. తల్లి నోరు విప్పబోయింది. ఆయన తల తిప్పకుండానే, "నువ్వు కూడా దిగుతావా?" అని మామూలుగా, మంచినీళ్లు కావాలా అన్నట్టు అడిగాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది.

ఇవాళ ఆడేది దేశం మొత్తానికీ జరిగే పెద్ద పోటీల్లో సెమీఫైనల్. ఇందులో గెలిచినవాళ్లకి వింబుల్డన్ లాంటి నాలుగు పెద్ద ఛాంపియన్‌షిప్‌లలో ఒకదాని అర్హత పోటీలకి పిలుపు వస్తుంది. ఇంటి గోడల మీది పేర్ల దాకా వెళ్లే దారికి అదే మొదటి గుమ్మం. వారం రోజులుగా పిట్ట కుడి భుజం పైకి లేవడం లేదు. రాత్రిళ్లు తల్లి తడిగుడ్డ వేడిచేసి కాపడం పెడుతోంది. డాక్టరుకి చూపిద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. "డాక్టర్లు ఆడొద్దంటారు. వాళ్లకి అదే పని," అన్నాడు.

గ్యాలరీలో ఇద్దరూ మూడో వరసలో కూర్చున్నారు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ మాస్టారు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. రాకెట్ పిడికి చుట్టే టేపు ముక్క తీసి చూపుడువేలికి చుట్టడం మొదలుపెట్టాడు. తల్లి బంతిని చూడలేదు, ఎప్పుడూ చూడదు. ఆయన వేలే చూస్తుంది. టేపు వదులుగా ఉంటే సాయంత్రం అన్నం తినొచ్చు. బిగిస్తే మాటలుండవు. వేలి కొస తెల్లబడితే రోడ్డు.

మొదటి సెట్ పిట్ట గెలిచింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఎవరో పెద్దాయన వంగి, "మీ అమ్మాయా? ముచ్చటగా ఆడుతోందండీ," అన్నాడు. మాస్టారు చక్కగా నవ్వి, "అంతా వాళ్లమ్మ పోలికండీ. నాకైతే క్యారమ్స్ కూడా రాదు," అన్నాడు. ఆ పెద్దాయన పకపకా నవ్వాడు. బయటివాళ్లతో ఆయన ఎప్పుడూ అంతే, మాటల్తో మనసు దోచేస్తాడు. అందుకే తల్లి ఎవరికీ ఏమీ చెప్పుకోలేకపోయింది. చెబితే నమ్మేదెవరు?

రెండో సెట్లో భుజం మొరాయించింది. సర్వీసు చేయడానికి చేయి పైకెత్తిన ప్రతిసారీ పిట్ట మొహం ముడుచుకుపోతోంది. రెండు బంతులూ వరసగా నెట్టుకి తగలడం, ఆ పాయింటు పోవడం. పాయింటు పోయినప్పుడల్లా పిల్ల గ్యాలరీ వైపు చూసింది, తండ్రిని కాదు, తల్లిని. తల్లి ఏం చేయగలదు? పరవాలేదన్నట్టు కళ్లార్పింది. మళ్లీ పక్కకి చూస్తే టేపు మరో చుట్టు తిరిగి ఉంది. మూడో సెట్ సగానికి వచ్చేసరికి ఆ వేలు సుద్దముక్కలా అయిపోయింది.

పిట్ట ఓడిపోయింది.

మాస్టారు లేచి, వేలికున్న టేపు నింపాదిగా విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిది," అన్నాడు. "నేను కారు దగ్గరుంటాను. దాన్ని తీసుకురా. చరిత్ర మొత్తం మొదటి నుంచి చెప్పిద్దాం. ఇల్లు చేరేదాకా."

ఇల్లు సగం రోజు ప్రయాణం. మధ్యలో ఘాట్ రోడ్డు, లారీలు. తల్లికి ఆ దారంతా తెలుసు. అయినా "సరేనండీ" అంది. అది ఆమె నోటికి అలవాటైన మాట, మెదడుతో పని లేకుండా వచ్చేస్తుంది.

ఆడవాళ్ల డ్రెస్సింగ్ రూము గ్యాలరీ కింద, పొడుగాటి నడవా చివర ఉంది. తలుపు దగ్గర కాపలా ఆయన తల్లి మెడలోని కార్డు చూసి లోపలికి వదిలాడు. లోపల ఎవరూ లేరు, తువ్వాళ్లు మడతపెట్టే ఆవిడ తప్ప. లావుపాటి మనిషి, ముక్కు మీద కళ్లజోడు. "మీ అమ్మాయి లోపలుందమ్మా. నీళ్లు తిప్పి చాలాసేపైంది. ట్యాంకు ఖాళీ చేసి గానీ వచ్చేలా లేదు," అంది నవ్వుతూ. తల్లి మొహం చూశాక నవ్వు ఆపేసింది.

పిట్ట షవరు కింద, ఆడిన బట్టల్తోనే నేల మీద కూర్చుని ఉంది. నీళ్లు తల మీద పడుతున్నాయి. తల్లి కుళాయి కట్టేసింది.

"నాన్న ఏమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా."

"మంచిది అన్నారా?"

తల్లి పిల్ల తడి జుట్టు వెనక్కి తోసింది. పిట్ట వెక్కిళ్లు పెట్టలేదు, ఏడవలేదు. చలితో పళ్లు కొట్టుకుంటుంటే పెదాలు మాత్రం కదులుతున్నాయి. తల్లి చెవి దగ్గరపెట్టి వింది. సంవత్సరాలు. పిల్ల ఒక్కొక్కటే నెమరేసుకుంటోంది, తప్పు పోకుండా, ఇప్పటి నుంచే.

తల్లి యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. పిట్ట వేసుకునే ప్రతి స్కర్టూ ఆమె చేతి కుట్టే. తడిసిన చొక్కా విప్పుతుంటే భుజం కనపడింది. వాచి, నల్లగా కమిలిపోయి, మెడదాకా పాకింది. రోజూ ముట్టుకుంటున్న భుజమే. కానీ రాత్రి గుడ్డి దీపం వెలుగులో చూడటం వేరు, ఇక్కడ తెల్లటి ట్యూబులైట్ కింద చూడటం వేరు.

సంచిలో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. తువ్వాళ్లావిడ పొడి తువ్వాలు ఒకటి తెచ్చి పిట్ట భుజాల చుట్టూ కప్పి, అలాగే నిలబడిపోయింది. "బయట ఎవరున్నారమ్మా?" అని అడిగింది.

"వాళ్ల నాన్న."

"ఆ సంగతి అడగట్లేదు."

ఫోను మూడోసారి మోగి ఆగింది. చెబితే ఏమవుతుంది? ఈవిడ బయటికెళ్లి అడుగుతుంది. ఆయన జోకు వేస్తాడు. అందరూ నవ్వుతారు. తర్వాత కారు తలుపులు మూసుకుంటాయి. చెప్పకపోయినా అవే తలుపులు మూసుకుంటాయి. ఆమెకు ఆ రెంటికీ తేడా కనపడలేదు.

"మేం బయటికి వెళ్లలేం," అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "దారి పొడుగునా దీన్ని పరిగెత్తిస్తాడు. కారు వెనకాల తోలతాడు. ఇదివరకు చాలాసార్లు చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను."

తువ్వాళ్లావిడ అయ్యో అనలేదు, ఎందుకు ఊరుకున్నావనీ అడగలేదు. "ఇక్కడికి మగపురుగు రాకూడదు, అది ఇక్కడి రూలు," అని, తలుపు గడియ పెట్టి, గోడకున్న ఫోను తీసి, "డాక్టరమ్మని పంపండి. రిఫరీ మేడమ్‌ని కూడా. ఆ, ఇప్పుడే," అంది.

వాళ్లు రాకముందే ఆయన వచ్చాడు.

ముందు కాపలా ఆయనతో నవ్వులు వినపడ్డాయి. "ఆడవాళ్లు తయారవడానికి పట్టే టైములో ఇంకో సెట్ ఆడేయొచ్చండీ," అంటున్నాడు మాస్టారు. కాపలా ఆయన కూడా నవ్వాడు. తర్వాత తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

"పిట్టా," అన్నాడు. ఎంతో ప్రేమగా ఉంది ఆ పిలుపు. "రామ్మా. దారిలో ఏదైనా తిందాం."

తువ్వాళ్లావిడ గడియ వైపు చూసింది.

"పిట్టా. పద్దెనిమిది వందల డెబ్బై ఏడు."

తువ్వాలు కింద పిల్ల ఒళ్లు బిగుసుకుపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "వింబుల్డన్. మొట్టమొదటి పోటీ..." గుసగుసలాగే వచ్చింది గానీ, వచ్చింది. తువ్వాళ్లావిడ చేతిలోని మడత జారి కిందపడింది. తల్లి పిల్ల నోటికి తన అరచేయి అడ్డం పెట్టింది. ఆ చేతి కింద పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"ఎనభై నాలుగు," అంది తలుపు అవతలి గొంతు.

తల్లి పిల్లని తువ్వాళ్లావిడకి అప్పగించి తలుపు దగ్గరికి నడిచింది. గడియ వేసే ఉంది. అయినా రెండు చేతులూ తలుపుకి ఆనించింది. అవతల ఆయన ఊపిరి తెలుస్తోంది.

"దానికి గుర్తు లేదండీ," అంది.

"ఏంటి?"

"దానికి గుర్తు లేదు. నాక్కూడా గుర్తు లేదు. మీరు వెళ్లండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగింది. "ఏమే," అన్నాడు, ఈసారి ప్రేమ లేదు. "ఎవరు నేర్పారు నీకు ఈ మాటలు? తలుపు తియ్యి." తలుపు మీద దెబ్బ పడింది. ఇంకొకటి పడింది. ఆమె అరచేతుల్లోంచి ఆ అదురు మోచేతుల దాకా పాకింది. కాపలా ఆయన గొంతు మారింది. "సార్, సార్, కాస్త వెనక్కి రండి," అంటున్నాడు. మూడో దెబ్బకి గడియ మేకు ఊగింది. తల్లి కళ్లు మూసుకుంది. ఈ తలుపు ఇప్పుడు ఊడుతుంది, ఆయన లోపలికి వస్తాడు, ఆ తర్వాత సంగతి ఆలోచించడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

నడవాలో మరికొన్ని అడుగులు పరిగెత్తుకొచ్చాయి. ఒక ఆడగొంతు గట్టిగా, తొణక్కుండా మాట్లాడింది. రిఫరీ మేడమ్. ఆయన మెడలోని కార్డు ఇచ్చేయమని అడుగుతోంది. మాస్టారు మళ్లీ మర్యాదస్తుడైపోయి, ఇది ఇంటి గొడవండీ, నా భార్యకి కాస్త నరాల బలహీనత అని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే వచ్చిన డాక్టరమ్మ ఆయన్ని దాటి, తల్లి గడియ తీసిన సందులోంచి లోపలికి దూరి, తలుపు మళ్లీ వేసేసింది. పిట్ట భుజం చూసి, చేయి మెల్లగా ఎత్తబోతే పిల్ల అరిచింది. "ఈ భుజంతో మూడు సెట్లా?" అంది డాక్టరమ్మ. అంతకుమించి ఏమీ అడక్కుండా తన పెట్టె తెరిచింది.

బయట ఆయన్ని ఆవరణ దాటించారని కబురొచ్చింది. కానీ పెద్ద గేటు ఎదురుగా, రోడ్డవతల, కారు ఆపుకుని నిలబడ్డాడట. రోడ్డు మీద నిలబడ్డ మనిషిని ఎవరేం చేస్తారు?

"తువ్వాళ్ల బండిలో పోదాం," అంది తువ్వాళ్లావిడ. వాడిన తువ్వాళ్లు సాయంత్రం చాకిరేవుకి వెళ్లే వ్యాను. "కంపు భరించగలిగితే చాలు. నేనైతే ఇన్నేళ్లుగా భరిస్తూనే ఉన్నాను." పిట్ట పెదాల మీద ఏదో కదిలింది. నవ్వో కాదో తల్లికి తెలియలేదు.

వ్యాను వెనకాల తడి మూటల మధ్య ముగ్గురూ కూర్చున్నారు. గేటు దగ్గర వ్యాను ఆగింది. రేకు తలుపు సందులోంచి తల్లికి మొదట ఆకాశం కనపడింది, తర్వాత కారు బానెట్టు, దానికి ఆనుకుని ఆయన. చేతులు కట్టుకుని ఉన్నాడు. వ్యాను వైపే చూస్తున్నాడు. డ్రైవరు కిందికి దిగి, ఏదో రిజిస్టరులో సంతకం పెడుతూ కాపలావాళ్లతో కబుర్లాడుతున్నాడు. మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు. పిట్ట మొహం మూటలో దాచుకుంది. ఆయన రోడ్డు సగం దాటాడు. ఒక బస్సు అడ్డం వచ్చింది. అది వెళ్లేసరికి వ్యాను కదిలింది. ఆయన పక్కనుంచే, చేయి చాపితే అందేంత దగ్గరగా వెళ్లింది. ఆయన చూపు వ్యాను దాటి గేటు లోపలికి పోతోంది.

ఆ రాత్రికి తువ్వాళ్లావిడ ఇంట్లో పడుకున్నారు. మర్నాడు తల్లి తన చెల్లెలికి ఫోను చేసింది. పెళ్లయ్యాక చెల్లెలితో నాలుగు ముక్కలు మాట్లాడింది తక్కువే, మాస్టారికి ఆవిడంటే గిట్టదు. చెల్లెలు ఎందుకు, ఏమిటి అనలేదు. "ఎక్కడున్నావో చెప్పక్కా, మీ మరిదిని పంపిస్తున్నా," అంది.

భయం అక్కడితో పోలేదు. చెల్లెలి ఇల్లున్న వీధిలో కారు హారన్ మోగితే పిట్ట నడక దానంతటదే వేగం అందుకునేది. బజారులో ఒకసారి అలాగే పరుగు మొదలుపెట్టి, ఎందుకు పరిగెత్తుతోందో తెలియక నడిమధ్యలో ఆగిపోయి నిలబడింది. మాస్టారు రెండుసార్లు వచ్చి ఇంటి ఎదురుగా కారులో కూర్చున్నాడు. దిగలేదు, పిలవలేదు, ఊరికే కూర్చున్నాడు. ఇంట్లో కిటికీలు మూసి, లైట్లు తీసేసి, చెల్లెలి పిల్లలతో సహా అందరూ వంటింట్లో నేల మీద కూర్చున్నారు. తల్లి పెట్టిన కేసులో డాక్టరమ్మ, రిఫరీ మేడమ్ వచ్చి సాక్ష్యం చెప్పాక, దగ్గరికి రాకూడదని కోర్టువాళ్లు ఆయనకి ఉత్తర్వు ఇచ్చారు. కారు రావడం మానేసింది. అయినా చాలాకాలం తల్లి పడుకునే ముందు వీధి గుమ్మం గడియ వేసి, మళ్లీ లేచి వెళ్లి చూసుకునేది.

పిట్ట భుజానికి ఆపరేషన్ అయింది. రాకెట్ జోలికి చాలా రోజులు పోలేదు. తర్వాత తనంతట తనే, దగ్గర్లోని క్లబ్బులో ఒక స్నేహితురాలితో కలిసి డబుల్స్ ఆడటం మొదలుపెట్టింది. పాయింటు పోతే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుని నవ్వుకునేవారు. నాలుగు పెద్ద ఛాంపియన్‌షిప్‌ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. టీవీలో వస్తుంటే మాత్రం పిట్ట చూసేది, సౌండు తీసేసి.

ఒక మధ్యాహ్నం తల్లి కొత్తగా చేరిన కుట్టు షాపు నుంచి ఇంటికి బయల్దేరి బస్‌స్టాపులో నిలబడి ఉంది. ఆయన ఎటు నుంచి వచ్చాడో, పక్కనే నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చొక్కాకి ఒక గుండీ లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె చుట్టూ చూసింది. స్టాపులో జనం ఉన్నారు. ఆ సంగతి గ్రహించాకే "బాగుంది," అంది.

"ఆడుతోందా?"

ఆమె బస్సు వచ్చే వైపు చూసింది. ఆయన ఇంకేదో అనబోయి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. ఆయన ఎక్కలేదు. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది, చూసింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

కిటికీ పక్క సీట్లో కూర్చుంది. కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అని అడిగితే, ఇంటి స్టాపు పేరు ఒక్కసారిగా నోటికి రాలేదు. పక్క సీటామె నెమ్మదిగా, "పరవాలేదు, తీరిగ్గా చెప్పండి," అంది. కాసేపటికి గుర్తొచ్చింది. చెప్పి టిక్కెట్టు తీసుకుంది.